నాన్నగారితో ఆల్ప్స్ లోయలో నాలుగు రోజులు సైకిల్ మీద: ఏ రూట్ మంచిది?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం మ్యూనిక్‌లో ఉంటాం, జూన్‌లో అమ్మా నాన్నా గుంటూరు నుంచి వస్తున్నారు. నాన్నగారికి 62, టీచర్‌గా చేసి రిటైరయ్యారు, సర్వీసంతా సైకిల్ మీదే బడికి వెళ్ళొచ్చారు కానీ ఈ మధ్య తొక్కట్లేదు. ఆ కొండల మధ్య ఒక్కసారైనా సైకిల్ తొక్కాలిరా అని ఫోన్ చేసినప్పుడల్లా అంటున్నారు. రోజుకి 40 కిలోమీటర్లు మించకూడదు, ఎక్కుడు ఉండకూడదు. అమ్మ అసలు సైకిల్ ఎక్కదు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టరు. ఈ-బైకులు (బ్యాటరీ సైకిళ్ళు) తీసుకుని ఏదన్నా పాస్ (కొండ కనుమ) ఎక్కిద్దామా, లేక లోయలోనే తిప్పుదామా? తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

జవాబు:
తమ్ముడూ, పాస్ మాట మర్చిపో. ఈ-బైక్ ఎక్కిస్తుంది సరే, దిగేటప్పుడు పాతిక కిలోల బండిని బ్రేకుల మీద ఆపుకుంటూ అరగంట దిగాలి, పక్కనే కార్లూ మోటార్‌సైకిళ్ళూ. పెద్దాయనకి అది సరదా కాదు, శిక్ష.

మీకు సరిపోయేది ద్రావ్ నది పక్కన సైకిల్ దారి. ఆ నది ఇటలీలో టోబ్లాఖ్ దగ్గర పుడుతుంది (ఇటాలియన్‌లో దొబ్బియాకో అంటారు, స్టేషన్‌లో రెండు పేర్లూ రాసుంటాయి), అక్కణ్ణించి ఆస్ట్రియాలోకి దిగి లీయెంట్స్, ష్పిట్టాల్, ఫిల్లాఖ్ ఊళ్ళ మీదుగా తూర్పుకి పోతుంది. టోబ్లాఖ్ 1200 మీటర్ల పైన, లీయెంట్స్ సుమారు 670, ఫిల్లాఖ్ 500. అంటే నీళ్ళతో పాటే మీరూ దిగుతారు, ఎక్కుళ్ళు అక్కడక్కడా చిన్నవే.

నేను ఈ రూట్ అంత గట్టిగా చెప్పడానికి అసలు కారణం దిగుడు కాదు, రైలు. టోబ్లాఖ్ పక్క ఊరు సాన్ కాందిదో నుంచి ఫిల్లాఖ్ దాకా రైలు పట్టాలు దారి పక్కనే ఉంటాయి. నాన్నగారు అలిసిపోయారా, వాన పట్టుకుందా, తర్వాతి స్టేషన్‌లో ఎక్కేయడమే. అమ్మగారు లగేజ్ తీసుకుని మీ ఆవిడతోనో నీతోనో రైల్లో ముందెళ్ళి సాయంత్రానికి అక్కడ ఉంటారు. నింపాదిగా తిరగాలంటే ముందు చూడాల్సింది ఇదే, ఎప్పుడైనా ఆపేయొచ్చు అన్న ధైర్యం ఉంటే పెద్దవాళ్ళు హాయిగా తొక్కుతారు.

మొదటి రోజు టోబ్లాఖ్‌లో కాకుండా సాన్ కాందిదోలో మొదలుపెట్టు, లీయెంట్స్‌కి 40 లోపే వస్తుంది. ఊళ్ళో పాత రాతి చర్చి చూసి బయల్దేరండి. కాసేపటికే బోర్డర్, ఆపేవాళ్ళు ఉండకపోవచ్చు కానీ పాస్‌పోర్టులు దగ్గరుండాలి. సిలియాన్ దాటాక లోయ ఇరుకవుతుంది, నది పక్కనే తెల్లగా నురగలు కక్కుతూ పోతుంటుంది, దిగుడు కాస్త ఎక్కువ, అక్కడ తొందరపడొద్దు. రెండో రోజు గ్రైఫెన్‌బుర్గ్ దాకా వెళ్ళండి, లీయెంట్స్ దాటగానే అగుంటుమ్ అని రోమన్ల కాలం ఊరి శిథిలాలు వస్తాయి, చరిత్ర ఇష్టమైతే నాన్నగారిని అక్కడ గంట కూర్చోబెట్టొచ్చు. మూడో రోజు ష్పిట్టాల్, నాలుగో రోజు ఫిల్లాఖ్. ఈ మూడు రోజులూ దాదాపు చదునే, అక్కడక్కడా కంకర దారి.

గాలి సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, విను. ఎండ ఎక్కేకొద్దీ కొండ వాలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి కింది నుంచి గాలి లోయ పైకి తోసుకొస్తుంది. మీరు దిగువకి పోతుంటారు కాబట్టి మధ్యాహ్నం దాటాక అది సరిగ్గా మొహానికి కొడుతుంది, చదును దారిలో కూడా ఎక్కుడు ఎక్కుతున్నట్టే ఉంటుంది. పొద్దున 8 కల్లా సైకిల్ ఎక్కి ఒంటిగంటకల్లా దిగిపోండి. సాయంత్రాలు ఉరుములూ వానలూ కూడా ఎక్కువ, అదో కారణం.

తిరిగొచ్చేటప్పుడు ఫిల్లాఖ్ నుంచి సాల్జ్‌బుర్గ్ మీదుగా మ్యూనిక్‌కి డైరెక్ట్ ట్రైన్లు ఉన్నాయి. వెళ్ళేటప్పుడు బ్రెన్నర్ (ఆస్ట్రియా, ఇటలీ బోర్డర్) మీదుగా పోయి ఇటలీలో ఫ్రాన్సెన్స్‌ఫెస్టె స్టేషన్‌లో రైలు మారాలి. ఈ లైన్లలో పట్టాల పనులు తరచూ జరుగుతుంటాయి, మీరు వెళ్ళే వారం బస్సు పెట్టారేమో ముందే చూసుకో.

మళ్ళీ అడుగుతున్నా:
అక్కా, చాలా థాంక్స్, అమ్మకి రైలు సంగతి చెప్తే తెగ సంబరపడిపోయింది. ఇంకో రెండు: సైకిళ్ళు అద్దెకి తీసుకుని ఇంకో ఊళ్ళో వదిలేయొచ్చా? తిండి ఎలా?

జవాబు:
సాన్ కాందిదోలో తీసుకుని లీయెంట్స్‌లో వదలడం మామూలే, రోజూ వందలమంది అలాగే చేస్తారు. ఫిల్లాఖ్‌లో వదలాలంటే మాత్రం షాపువాళ్ళని ముందే ఈమెయిల్‌లో అడిగి ఒప్పించుకో, నోటిమాట నమ్మొద్దు. ఆగస్టులో అయితే ఇటలీ మొత్తం సెలవుల్లో ఉంటుంది, ఆ మొదటి 40 కిలోమీటర్లు తిరునాళ్ళలా ఉంటాయి. జూన్ మంచిదే.

తిండికి వంటగది ఉన్న ఫ్లాట్ తీసుకో, హోటల్ రూమ్ వద్దు. కూరగాయల సూప్ అని రాసున్నా మాంసం ఉడికించిన నీళ్ళతో చేసుండొచ్చు, అడగాలి. కెర్న్టెన్ (ష్పిట్టాల్, ఫిల్లాఖ్ ఉన్న రాష్ట్రం) వైపు కాస్‌నూడెల్ అని పుదీనా, విరగ్గొట్టిన పాల ముద్ద కూరిన కజ్జికాయలాంటిది దొరుకుతుంది, శాకాహారమే కానీ పిండిలో గుడ్డు కలుపుతారేమో అడిగి తినండి. పిజ్జా, బంగాళదుంపలు, బ్రెడ్డూ చీజ్ ఎక్కడైనా దొరుకుతాయి. ఆదివారం ఆస్ట్రియాలో సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే బియ్యం, పెరుగు కొనిపెట్టుకోండి. పులిహోర పేస్ట్ ఇంటినుంచే తీసుకెళ్ళండి.

ఇంకో అన్న:
అక్క చెప్పిందంతా కరెక్ట్, ఒక్కటి కలుపుతా, ఇది చిన్న విషయం కాదు. మన దగ్గర కుడిచేతి బ్రేక్ ముందు చక్రానికి ఉంటుంది, అక్కడ మామూలుగా ఎడమచేతిది ముందు చక్రానికి. నాన్నగారి చేతులకి పాత అలవాటే ఉంటుంది, కంగారులో ఎడమది గట్టిగా నొక్కితే హ్యాండిల్ మీంచి ముందుకి పడతారు. కొన్నిటికి పెడల్ వెనక్కి తొక్కితే ఆగే బ్రేక్ కూడా ఉంటుంది, అది తెలీకపోతే వెనక్కి తొక్కగానే టక్కున ఆగి బెదిరిపోతారు. మ్యూనిక్‌లోనే ఒక సైకిల్ అద్దెకి తీసుకుని పార్కులో రెండు పూటలు ప్రాక్టీస్ చేయించు, కుడివైపు నడపడం కూడా అలవాటవుతుంది. సీటు కొంచెం దించి రెండు కాళ్ళూ నేలకి ఆనేలా పెట్టు, స్పీడ్ తగ్గినా ఫర్వాలేదు.

ఇంకోటి, పేరెంట్స్ ట్రావెల్ ఇన్సూరెన్స్‌లో సైకిల్ ప్రమాదాలు కవర్ అవుతాయో లేదో ఇప్పుడే చూడు, ఇండియాలో కొన్న పాలసీ అయితే కాగితాల్లో అడ్వెంచర్ స్పోర్ట్స్ అన్న చోట సైకిల్ కూడా కలిపేశారేమో చదువు. ఎమర్జెన్సీకి ఎక్కడైనా 112. వానలు గట్టిగా పడ్డాక నది పక్కన కొన్ని ముక్కలు మూసేస్తారు, ఉమ్‌లైటుంగ్ (దారి మళ్ళింపు) అని బోర్డు కనిపిస్తే అది చూపించిన దారినే వెళ్ళండి.