మూడోసారి అదే పొజిషన్ వచ్చినా డ్రా ఎందుకు ఇవ్వలేదు?

ప్రశ్న (తిరుపతి): అన్నా, ఇక్కడ చెస్ రేటింగ్ టోర్నీ, 90 నిమిషాలు, ప్రతి ఎత్తుకూ 30 సెకన్లు కలుస్తాయి. రూక్ ఎండింగ్ (రాజులు, ఏనుగులు, బంట్లే మిగిలిన దశ), నాకు ఒక పాన్ (బంటు) తక్కువ. మూడోసారి అదే పొజిషన్ వచ్చేలా రూక్ జరిపి, క్లాక్ నొక్కి, ఆర్బిటర్‌ను (ఆట జడ్జిని) పిలిచి డ్రా అడిగితే చెల్లదన్నారు. ఎత్తులు రాసే షీట్‌లో మూడుసార్లూ కనిపిస్తా ఉంది. ఏం తప్పు?

జవాబు (చిత్తూరు): ఆడేశావు కాబట్టే చెల్లలేదు తమ్ముడూ. మూడోసారి వచ్చేది నీ ఎత్తుతో అయితే ఆ ఎత్తు షీట్‌లో రాయాలి, బోర్డు మీద ఆడకూడదు. రాసి, క్లాక్ ఆపి, ఆర్బిటర్‌ను పిలిచి 'ఇది ఆడబోతున్నా' అని చూపించాలి. రూక్‌ను కావాలని ముట్టుకున్నా ఆ ఎత్తుకు హక్కు పోయినట్టే. ఆపడమంటే పాజ్ బటన్ నొక్కడం. నీ వైపు మీట నొక్కితే అవతలివాళ్ల టైమ్ నడుస్తుంది. వాళ్ల ఎత్తుతోనే మూడోసారి వస్తే రాసే పని కూడా లేదు, ఏ పావునూ ముట్టుకోకుండా ఆపి పిలువు.

మరో జవాబు: మూడుసార్లూ వరుసగా రానక్కర్లేదు. కానీ ఎత్తు వేయాల్సింది ప్రతిసారీ ఒకే వైపు కావాలి, క్యాస్లింగ్ (రాజు, రూక్ ఒకే ఎత్తులో జరగడం), ఆం పాసాం (రెండు గళ్లు దూకిన పాన్‌ను పక్కనున్న పాన్ కొట్టడం) హక్కులూ మారకూడదు. క్లెయిమ్ తప్పయితే అవతలివాళ్లకు 2 నిమిషాలు కలుపుతారు, నువ్వు రాసిన ఎత్తే ఆడాలి. అయిదుసార్లు వచ్చిందంటే మాత్రం ఎవరూ అడగకపోయినా ఆర్బిటరే డ్రా ఇవ్వాలి. ఇంకోటి, 30 సెకన్ల ఇంక్రిమెంట్ ఉంటే టైమ్ 5 నిమిషాల లోపు పడినా షీట్ రాయడం ఆపకూడదు.

ప్రశ్న: ఆ తర్వాత ఓడిపోయా అన్నా. తెల్ల రాజు డి5 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస), పాన్ ఇ5. నా రాజు ఇ8, రూక్ ఎనిమిదో వరుసలో.

జవాబు (చిత్తూరు): అసలు నష్టం అక్కడ జరిగింది. ఆ పొజిషన్‌కు రిపిటీషన్ (మూడుసార్లు రప్పించడం) అవసరమే లేదు. ఫ్రెంచ్ చెస్ ఆటగాడు ఫిలిడార్ 1777లోనే దారి చూపించాడు. రూక్‌ను ఎ6లో పెట్టు, తెల్ల రాజు ఆరో వరుస ఎక్కలేదు. పాన్ కదిలేదాకా అదే వరుసలో అటూ ఇటూ జరుపుతూ ఉండు. పాన్ ఇ6కు వచ్చిన మరుక్షణం రూక్ ఎ1కి దిగాలి, ఒక్క ఎత్తు కూడా ఆగొద్దు. రాజు డి6కి వస్తే డి1 నుంచి చెక్, ఇ5కి పోతే ఇ1 నుంచి చెక్. పాన్ ముందుకెళ్లిపోయింది కదా, దాని చాటున రాజు దాక్కోలేదు. ఎనిమిదో వరుసలో రూక్ కాపలా కాస్తే అంచు పాన్‌కూ, నైట్ పాన్‌కూ (బి, జి వరుసలవి) సరిపోతుంది. నడిమి పాన్‌కూ, బిషప్ పాన్‌కూ (సి, ఎఫ్ వరుసలవి) ఓటమే.