ఎన్నికలు పెట్టమన్నవాళ్ళు ఫలితాన్నీ ఒప్పుకోవాలా?

పాతసోది:
2005 జూన్‌లో అమెరికా విదేశాంగ మంత్రి కాండలీజా రైస్ కైరోలో మాట్లాడుతూ, అరవై ఏళ్ళు స్థిరత్వం కోసం ప్రజాస్వామ్యాన్ని పక్కనపెట్టి చివరికి రెండూ సాధించలేకపోయామని ఒప్పుకుంది. అక్కడే, ఈజిప్టులో ఇస్లాం పేరుతో రాజకీయం చేసే ముస్లిం బ్రదర్‌హుడ్‌తో మాత్రం మాట్లాడబోమనీ చెప్పింది. ఆ ఏడాది చివర నిషేధంలో ఉన్న బ్రదర్‌హుడ్ స్వతంత్రుల పేరుతో ఈజిప్టు పార్లమెంటులో 88 సీట్లు గెలిచింది. 2006 జనవరిలో పాలస్తీనాలో హమాస్ గెలిచింది. ఇక అప్పటి ఈజిప్టు అధ్యక్షుడు ముబారక్‌పై అమెరికా ఒత్తిడి చల్లబడిపోయింది. హమాస్ చేతిలో ఆయుధాలున్నాయి, దాని సంగతి వేరు. తుపాకీ పట్టని ఇస్లామిస్టు పార్టీలనైనా బయటి దేశాలు గుర్తించాలా, వద్దా?

కృష్ణాతీరం:
గుర్తిస్తే ఏమొస్తుందండీ? 2012 జూన్‌లో ఈజిప్టు అధ్యక్ష ఎన్నికల్లో బ్రదర్‌హుడ్ మనిషి ముర్సీ గెలిచాడు. నవంబరుకల్లా తన నిర్ణయాలను కోర్టులు ప్రశ్నించకూడదని డిక్రీ ఇచ్చాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకం.

రాత్రిబండి:
కృష్ణాతీరం గారూ, ఆ డిక్రీని నేనూ సమర్థించను. గొడవలయ్యాక డిసెంబరులో చాలావరకు వెనక్కి తీసుకున్నాడు కూడా. తర్వాత జరిగింది చూడండి. 2013 జులై 3న సైన్యం అతన్ని దించేసింది. ఆగస్టు 1న అప్పటి అమెరికా విదేశాంగ మంత్రి జాన్ కెర్రీ పాకిస్తాన్ టీవీలో, సైన్యం ప్రజాస్వామ్యాన్ని పునరుద్ధరిస్తోందన్నాడు. 14న కైరోలోని రబా కూడలిలో బైఠాయించిన ముర్సీ మద్దతుదారులను వందల మందిని కాల్చి చంపారు. సైనిక తిరుగుబాటు అని ఒప్పుకుంటే అమెరికా చట్టం ప్రకారమే సాయం ఆపాలి. ఏటా 130 కోట్ల డాలర్లు సైన్యానికే! అందుకే ఆ మాట నోట రాలేదు.

బుద్ధిగా ఉన్నవాళ్ళకైనా ఏం ఒరిగింది? ట్యునీషియాలో ఇస్లామిస్టు పార్టీ ఎన్నహ్దా 2014 జనవరిలో రాజ్యాంగం ఆమోదించి తనంతట తాను కుర్చీ దిగింది. 2016లో మతప్రచారాన్ని పార్టీ నుంచి వేరు చేసింది. 2021లో అధ్యక్షుడు సయీద్ పార్లమెంటును ఆపేశాడు. 2023 ఏప్రిల్‌లో ఎన్నహ్దా నేత గన్నూషీని అరెస్టు చేశారు. మూడు నెలలకే యూరోపియన్ యూనియన్ అదే సయీద్‌తో, వలసలు ఆపడానికి ఒప్పందం చేసుకుంది.

కృష్ణాతీరం:
సయీద్ పార్లమెంటు మూసినరోజు జనం వీధుల్లో పండగ చేసుకున్నారు కదా? ఎన్నహ్దా సీట్లు 2011లో 89, 2014లో 69, 2019లో 52. జనమే విసిగిపోయారు.

రాత్రిబండి:
అదేనండీ నేననేది. ఓటుతోనే తగ్గుతోంది, ఇంకో ఎన్నిక దాకా ఆగితే పోయేదేముంది?

పాతసోది:
నా మటుకు, వాళ్ళతో మాట్లాడాలి, డబ్బు మాత్రం ఏ పార్టీకీ ఇవ్వకూడదు. ఎవరు గెలిచినా, సైనిక తిరుగుబాటు జరిగితే సాయం ఆపాలన్న ఆ షరతు మారకూడదు. దీనికి కృష్ణాతీరం గారికి అభ్యంతరం ఉందా?

కృష్ణాతీరం:
డబ్బు విషయంలో లేదు. మిగతాది రేపు రాస్తాను.