సొంత పెన్సిలిన్ ధర ఎక్కువైతే కొనేదెవరు?

ఫార్మా కంపెనీల్లో ముడిసరుకు కొనుగోళ్లు చూసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.

పుణె దగ్గర పింప్రిలో 1950ల్లోనే పెన్సిలిన్ తయారు చేశాం. తర్వాత చైనా సరుకు చవగ్గా రావడంతో మన ప్లాంట్లు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. ముడిసరుకైన పెన్సిలిన్ జి నుంచి 6-ఏపీఏ అనే మధ్య పదార్థం, దాని నుంచి అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ చేస్తారు. అంటే మొదటి మెట్టే బయటి దేశం చేతిలో ఉండిపోయింది. 2020లో కేంద్రం 6,940 కోట్లతో పీఎల్ఐ పథకం (ఇక్కడ తయారుచేసే కంపెనీలకు ప్రోత్సాహకాలిచ్చేది) తెచ్చాక కాకినాడ దగ్గర మళ్లీ పెన్సిలిన్ జి ప్లాంటు వచ్చింది. సంతోషమే.

నాకు అర్థం కానిది ఇది. ఫెర్మెంటేషన్‌కి, అంటే బూజును పెంచి పెన్సిలిన్ తీయడానికి, కరెంటు, ఆవిరి, చక్కెర ద్రావణం రోజుల తరబడి ఆగకుండా కావాలి, కాబట్టి ఖర్చు తగ్గించడం అంత తేలిక కాదు. ఇటు అమాక్సిసిలిన్‌కి ప్రభుత్వమే గరిష్ఠ ధర కట్టేసింది. మరి మాత్రలు చేసే చిన్న కంపెనీ ఎక్కువ పెట్టి మన సరుకే ఎందుకు కొంటుంది? దేశభక్తితో అయితే కొనదుగా!

దిగుమతికి కనీస ధర పెడితే సరిపోతుందా, లేక ఆ భారం చిన్న యూనిట్ల మీదే పడుతుందా? సరఫరాదారుని మార్చాలంటే స్టెబిలిటీ పరీక్షలు (మందు నిల్వలో పాడవకుండా ఉంటుందా అని చూసేవి), అనుమతులకు మామూలుగా ఎంతకాలం పడుతుంది? ముఖ్యంగా ఈ చివరిది తెలిసినవాళ్లు చెప్పగలరు.