సోరియాసిస్‌కి ఇంజెక్షన్ ముందా, మాత్ర ముందా?

గాజువాక అన్న: మా తమ్ముడికి మోచేతులు, వీపు, తలలో సోరియాసిస్. డాక్టరు మెథోట్రెక్సేట్ మాత్రలు రాశారు. వాడేమో నెట్లో చదివి, రోగానికి మూలం ఐఎల్-17 (ఇంటర్‌ల్యూకిన్-17, ఒంట్లో వాపు పుట్టించే ప్రోటీన్) అయినప్పుడు దాన్ని ఆపే సెక్యుకినుమాబ్ ఇంజెక్షన్ నేరుగా వేయించుకుంటే పోలా అంటున్నాడు. మీరేమంటారు?

పెందుర్తి: వాడన్నదాంట్లో తప్పేముందండీ. రోగనిరోధక కణాలు ఐఎల్-23 అనే ఇంకో ప్రోటీన్ వదులుతాయి, దాంతో రెచ్చిపోయిన టీ కణాలు (అవీ ఒక రకం రోగనిరోధక కణాలే) ఐఎల్-17 వదులుతాయి. అది తగిలాక, నెల్లాళ్లు పట్టాల్సిన చర్మకణం నాలుగైదు రోజుల్లోనే పైకొచ్చేస్తుంది. దుప్పటి దులిపితే రాలే పొట్టు అదే. మూలం తెలిశాక చుట్టూ తిరగడం దేనికి?

ఎంవీపీ కాలనీ: తిరగడానికి కారణం డబ్బు బాబూ! సెక్యుకినుమాబ్ మొదటి నెల వారం వారం, ఆపైన నెలకోసారి. ఆపేస్తే చాలామందికి మళ్లీ వస్తుంది. మెథోట్రెక్సేట్ కూడా ఆ రెచ్చిన కణాల్నే అణుస్తుంది, పైగా చవక. కాకపోతే వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. రోజూ మింగితే ప్రాణం మీదకొస్తుంది. లివర్, రక్త పరీక్షలు తప్పవు, బీరు మానాలి. ఇంజెక్షనైనా ముందు టీబీ పరీక్ష చేయించాల్సిందే.

బీచ్‌రోడ్: ఇవన్నీ ఎందుకు, రోజూ సముద్రస్నానం చేసి ఎండలో కూర్చోమనండి. మావాడికి ఓ వైద్యుడి పొడితో వారంలో తగ్గింది.

ఎంవీపీ కాలనీ: ఎండ సంగతి ఒప్పుకుంటా, అందుకే ఆసుపత్రుల్లో 311 నానోమీటర్ల యూవీబీ (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) లైటు పెడతారు. కానీ వారంలో తగ్గించిన పొడంటే నాకు స్టెరాయిడ్ అనుమానం. ఒంట్లోకి వెళ్లిన స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ఒళ్లంతా చీముపొక్కులు లేవొచ్చు.

పెందుర్తి: అన్నా, ఒక్క మాట. గోళ్లమీద సూదితో గుచ్చినట్టు గుంటలున్నాయా? పొద్దున్న లేవగానే వేళ్లు బిగుసుకుంటున్నాయా?

గాజువాక అన్న: గుంటలున్నాయి. వేళ్లు కూడా పట్టేస్తున్నాయట, గంటకి గానీ వదలవు. కంప్యూటర్ పని వల్లేమో అనుకున్నాం.

పెందుర్తి: అయితే లెక్క వేరు. సోరియాసిస్ ఉన్న 100 మందిలో 20, 30 మందికి కీళ్లకీ పాకుతుంది. తలలో, గోళ్లలో ఉన్నవాళ్లకి ఆ అవకాశం ఎక్కువ. చర్మం మళ్లీ బాగుపడుతుంది గానీ దెబ్బతిన్న కీలు బాగుపడదు.

ఎంవీపీ కాలనీ: కీళ్లకీ పాకి ఉంటే నేనూ ఇంజెక్షన్‌కి అడ్డుచెప్పను. ముందు రుమటాలజిస్టుకి (కీళ్లవాతం డాక్టరుకి) చూపించండి. ఈలోగా మెథోట్రెక్సేట్ చీటీ మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెద్దక్షరాలతో రాయించుకోండి.