మామూలు మనిషి నేరం చేస్తే, కారణం నమ్మేలా ఎలా రాయాలి?

పర్లాకిమిడి_కథలు:
అందరికీ నమస్కారం. క్రైమ్ కథ ఒకటి రాస్తున్నాను, రౌడీలు డాన్లు ఎవరూ లేరు, మా పర్లాకిమిడిలో హోల్‌సేల్ కిరాణా కొట్టు, అందులో షావుకారు కళ్ళు మూసుకుని నమ్మే పాత గుమస్తా. కలెక్షన్ డబ్బులు వాడీసుకుంటాడు, చివరికి అది కనిపెట్టిన కుర్రాణ్ణి మహేంద్రతనయ ఏట్లోకి తోసీస్తాడు. కారణం కింద కూతురి ఆపరేషన్ పెట్టాను. చదివినోళ్ళందరూ నమ్మబుద్ధి కావట్లేదు అంటున్నారు. మరింకేటి పెట్టాలండి?

బరంపురం_పాఠకురాలు:
కారణం మరీ మంచిదైపోయింది బాబూ. ఆపరేషన్ అంటే షావుకారే ముందు డబ్బిస్తాడు, వీధంతా చందాలు వేస్తారు, ఇంక దొంగతనం దేనికి? నోరు విప్పి చెప్పుకోలేని ఇబ్బంది ఉండాలి. డొనాల్డ్ క్రెస్సీ అని అమెరికా క్రిమినాలజిస్టు, నమ్మి అప్పగించిన డబ్బు తినేసి జైలుకెళ్ళినవాళ్ళతో మాట్లాడి 1953లో పుస్తకం వేశాడు, ఆయన చెప్పిందీ ఇదే, ఎవరికీ చెప్పుకోలేని సమస్య, చేతికందే అవకాశం, తనకు తాను చెప్పుకునే సమాధానం. ఆ సమాధానమే మీ కథకి ప్రాణం. "ఇది దొంగతనమేటి, వాడుకుంటున్నాను, సంక్రాంతికి పెట్టేస్తాను" అని నిజంగానే అనుకుంటాడు. మా గంజాం నుంచి సూరత్ మగ్గాలకి వెళ్ళినోళ్ళు బోలెడుమంది కదా, ఈయన కొడుకూ అక్కడే ఉన్నాడు, డబ్బులు పంపడం మానేశాడు, ఈయనేమో ఊళ్ళో నెలనెలా పంపుతున్నాడనే చెప్పుకుంటున్నాడు, ఆ మాట నిలబెట్టుకోడానికి తీస్తాడు. పరువు కోసం తీసినవాణ్ణి నేను నమ్ముతాను.

రాయగడ_అకౌంట్స్:
నేను చేసేది లెక్కల పనే కాబట్టి ఎలా తీస్తాడో చెప్తాను. కాశీనగర్ పార్టీ కట్టిన పదివేలు జేబులో వేసుకుంటాడు, వారం పోయాక గుణుపురం పార్టీ కట్టింది కాశీనగర్ ఖాతాలో జమ రాస్తాడు, గుణుపురానిది ఇంకొకరి డబ్బుతో పూడుస్తాడు. ఇలా తిప్పేవాడు సెలవు పెట్టలేడు, వేరేవాడు సీట్లో కూర్చుంటే రసీదుకీ ఖాతాకీ తేడా దొరికిపోద్ది. రిజర్వ్ బ్యాంక్ కూడా కీలకమైన సీట్లలో ఉన్న బ్యాంకు ఉద్యోగుల్ని ఏడాదికోసారి చెప్పాపెట్టకుండా కనీసం 10 పనిదినాలు సెలవులో పంపాలని 2021లో చెప్పింది. మీ గుమస్తా పాతపట్నంలో తమ్ముడి కూతురి పెళ్ళికి కూడా వెళ్ళకూడదు. తాళి కట్టే టైముకి కొట్లో కూర్చుని రసీదు పుస్తకం రాస్తుంటాడు. షావుకారు అది చూసి మురిసిపోయి జీతం పెంచుతాడు.

గుణుపురం_రాజు:
అంతా బావుంది గానీ ఆ కుర్రాడి సంగతి ఎవరూ అడగట్లేదు. చచ్చిపోయేవాడికీ ఒక కారణం ఉండాలండి, లేకపోతే ఉత్త అడ్డంకిలా మిగిలిపోతాడు. వసూలుకి తిరిగేది వాడు, రసీదుల మీద సంతకం వాడిది, తేడా వస్తే ముందు వాడి మెడకే చుట్టుకుంటుంది. అందుకే నోరు విప్పాడు.

పర్లాకిమిడి_కథలు:
ఆపరేషన్ తీసీస్తున్నానండి. పెళ్ళికి వెళ్ళి రమ్మని షావుకారే బలవంతపెడతాడు, సీట్లో ఆ కుర్రాణ్ణే కూర్చోబెడతాడు. ఒక్క డౌటు, తోసీడం ముందే అనుకుని చేస్తాడా, అక్కడికక్కడా?

బరంపురం_పాఠకురాలు:
అక్కడికక్కడే. ఏటి గట్టుకి పిలిచింది బతిమాలడానికే, రెండు నెలలు ఆగమని అడుగుతాడు. కుర్రాడు "పొద్దున్నే షావుకారికి చెప్పీసాను" అంటాడు. ఇంక తోసినా లాభం లేదని తెలిసి కూడా తోస్తాడు. ఆ సీనే ముందు రాయండి, మిగతాది దాన్నిబట్టి సర్దుకోవచ్చు.