అప్‌డేట్: స్కాన్ లేకుండ మాత్రలు వేసుకోవచ్చా అని అడిగింది నేనే

నెల తప్పితే మా ఆడబిడ్డ మెడికల్ షాపుల గర్భం పోయే మాత్రలు తెచ్చిచ్చింది, వేసుకోనా అని పోయిన నెల అడిగిన కదా. "ముందు చూపించుకో" అని తిట్టినోళ్లందరికీ దండం.

దేవరకొండ నుంచి నల్లగొండ పోయిన. స్కాన్‌ల 7 వారాలు, గర్భసంచిలనే ఉంది. డాక్టరమ్మ స్కాన్ కోసం ఎందుకు పట్టుబట్టిందంటే, గర్భం సంచిల కాకుండ పక్కనుండే ట్యూబుల నిలిస్తే ఈ మాత్రలు పనిచెయ్యవు. ట్యూబు పగిలితే ప్రాణం మీదికొస్తది. రక్తం బాగా తక్కువున్నోళ్లు, రక్తం పల్చబడే మందులు వాడేటోళ్లు, చాన రోజుల సంది స్టెరాయిడ్లు మింగేటోళ్లు వేసుకోవద్దట. కాపర్-టీ ఉంటే ముందు తీయించుకోవాలె.

మొదటిది మిఫెప్రిస్టోన్, 200 మిల్లీగ్రాములు, డాక్టరమ్మ ఎదురుంగనే మింగిన. గర్భాన్ని నిలబెట్టే ప్రొజెస్టెరాన్ పనిని ఆపుతదట. ఆ రోజు ఏం కాలే, ఇంటికొచ్చి వంట గూడ చేసిన. రెండ్రోజులకు రెండో రకం, మిసోప్రోస్టాల్ మాత్రలు నాలుగు, చెంపలల్ల పెట్టుకున్న. అప్పుడు సూడాలె! చలి, విరేచనాలు, మెలిపెట్టే నొప్పి, గడ్డలు గడ్డలుగ రక్తం. గంటకు రెండు ప్యాడ్ల లెక్కన రెండు గంటలు తడిస్తే ఆగకుండ రమ్మన్నది. అంత కాలే. రెండు వారాలకు మళ్ల చూపించుకున్న, పూర్తిగ అయిపోయింది.

మా ఆయన హైదరాబాద్‌ల పనిల ఉండె, సంతకమెట్లా అని భయపడ్డ. 18 నిండితే మన సంతకమే చాలట. మాత్రలతోటి మాత్రం 9 వారాల దాకనే.

ఆడబిడ్డ తెచ్చిన మాత్రలు షాపోడు వాపస్ తీసుకోలే.