పండుగ కానుకగా చేతికర్ర ఇవ్వవచ్చా?

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

మా ఇంట్లో ఒక విషయం మీద అభిప్రాయాలు రెండుగా చీలిపోయాయి. పెద్దవయసువారిని దగ్గరుండి చూసుకుంటున్నవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కనుక మీ ముందు పెడుతున్నాను.

మా నాయనమ్మకు 84 ఏళ్లు. తాతగారు కొండ పల్లెల్లో చర్చి తరఫున బోధించే ఉపదేశిగా తిరిగిన మనిషి కావడంతో ఆమెకు పింఛను వంటిదేమీ లేదు. పెదనాన్నగారి దగ్గర ఉంటుంది. నిరుడు క్రిస్మస్ ఉదయం ఆరాధన ముగిసి అందరం ఇంటికి చేరాక, మనవలూ మనవరాళ్లూ చుట్టూ కూర్చుని ఉండగా, అన్నయ్య రంగుకాగితం చుట్టిన పొడవాటి పొట్లం ఒకటి ఆమె ఒడిలో పెట్టాడు. కాగితం చిరగకుండా టేపును గోటితో నెమ్మదిగా లేపుతూ ఆమె దాన్ని విప్పింది. లోపల నాలుగు కాళ్ల చేతికర్ర ఉంది. "బాగుంది నాయనా" అని, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచుకుంది, కర్రను మాత్రం గోడకు చేర్చింది. ఆ సాయంత్రం చర్చిలో అందరూ కలిసి భోంచేసే ప్రేమవిందుకు వెళ్లేటప్పుడు వీధి అరుగులు పట్టుకుని నడిచిందే తప్ప దాన్ని ముట్టలేదు. ఏడాది గడిచినా పిడికి తొడిగిన పలుచని ప్లాస్టిక్ కవరు ఇప్పటికీ అలాగే ఉంది.

మొన్న నవంబరులో ఆమె స్నానాల గదిలో జారింది. దేవుని దయవల్ల మోచేయి గీసుకుపోవడంతో సరిపోయింది. అందుకని ఈసారి చేతులున్న కమోడ్ కుర్చీని కానుకగా ఇద్దామని అన్నయ్య పట్టుబడుతున్నాడు. మనిషికి అవసరమైనదే అసలైన కానుక అని అతని వాదన. అవసరం తీర్చడం ఇంటివాళ్ల బాధ్యత, అది ఏ మంగళవారం నాడైనా చేయవచ్చు, పండుగ పూట మాత్రం ఒక మనిషి ముసలితనాన్ని పొట్లం కట్టి ఆమె చేతనే అందరి ముందూ విప్పించకూడదని నా వాదన. మీరేమంటారు?

ఆసుపత్రి నర్సు, జయపురం

నేను మీ అన్నయ్యగారి పక్షం. తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్లను ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. వారిలో చాలామంది మళ్లీ మునుపటిలా నడవలేదు. కొందరు మంచం దిగనేలేదు. ఆ పడటం ఎక్కడ జరిగిందని అడిగితే స్నానాల గది, గడప, రాత్రిపూట చీకట్లో మంచం పక్కన అని ఈ మూడే ఎక్కువగా వినిపిస్తాయి. పిల్లలందరూ ఒకచోట చేరేది, చేతిలో నాలుగు డబ్బులు ఆడేది పండుగకే కనుక, అప్పుడు కాకపోతే ఆ కుర్చీ ఇంకెప్పటికీ రాదు. మనసు నొచ్చుకుంటుందన్న భయంతో ఎముక విరిగేదాకా ఆగడం ప్రేమ అనిపించుకోదు.

అయితే ఆ కర్ర గురించి ఒక మాట చెప్పాలి. నాలుగు కాళ్ల కర్ర నాలుగు కాళ్లూ ఒకేసారి నేలకు ఆనితేనే ఆధారమవుతుంది. గచ్చు నేల మీద అది మంచిదే గాని, ఎగుడుదిగుడు రాళ్లున్న వీధిలో ఒక కాలు గాలిలో ఉండిపోయి కర్రే ఊగుతుంది. దానికంటే కింద మంచి రబ్బరు బుడిపె ఉన్న ఒంటికాలి కర్ర నయం. ఎత్తు కూడా చూడాలి: రోజూ వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి చేయి వదులుగా వేలాడదీస్తే, పిడి సరిగ్గా మణికట్టు మడత దగ్గరకు రావాలి. అంతకంటే పొడవైతే భుజం లేచిపోతుంది, పొట్టిదైతే నడుము వంగిపోతుంది. మీ నాయనమ్మగారు సిగ్గుపడి వదిలేశారని మీరు అనుకుంటున్నారు. రెండడుగులు వేసి చూసి, అది నమ్మదగినది కాదని గ్రహించి కూడా వదిలేసి ఉండవచ్చు.

బరంపురం కోడలు

నర్సుగారు చెప్పిన ప్రమాదాన్ని నేను కాదనను గాని, మందులూ మంచమూ కానుకల లెక్కలోకి వస్తే ఇక ఆ మనిషికి మిగిలే పండుగ ఏమిటి?

మా అత్తగారికి మూడేళ్ల క్రితం మా ఊరి పట్టుచీర కొన్నాము. గుడి గోపురాల వంటి అంచుతో నేసిన మంచి జరీ చీర అది. ఆమె దాన్ని కళ్లకద్దుకుని ఒక్కసారైనా కట్టకుండా ఆడపడుచు కూతురి పెళ్లికి ఇచ్చేశారు. నాకు చాలా కష్టం కలిగింది. బరువు చీర మోయలేని వయసులో, వేళ్లు వంకరపోయి జాకెట్టు హుక్కులే పెట్టుకోలేని మనిషికి పట్టుచీర కొన్న తప్పు నాదేనని నెమ్మది మీద తెలిసింది. మరుసటి ఏడు మెత్తని నూలు చీరలు రెండు కొని, జాకెట్లకు హుక్కులు తీయించి నొక్కుడు గుండీలు కుట్టించాను. నా సహాయం లేకుండా తయారై చర్చికి వచ్చారు.

అయినా ఆ పట్టుచీర సంగతిని నేను మరచిపోలేదు. దాన్ని ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలో కనిపించిన వెలుగు పుచ్చుకునేటప్పుడు లేదు. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ పాటలు, అంటే కేరల్స్, పాడే పిల్లలు గుమ్మంలోకి వస్తే ఆమే ఎదురువెళ్లి కానుక వేసి, తలా రెండు అరిసెలు పెట్టి పంపేవారు. ఇంటి డబ్బు కొడుకుల చేతికి వచ్చిన తరువాత, పిల్లలు వస్తున్న డప్పు చప్పుడు వినిపించగానే ఆమె లోపలి గదిలోకి వెళ్లిపోయేవారు. ఎందుకో మాకు చాలాకాలం తెలియలేదు. ఆ విషయం గ్రహించాక, బ్యాంకులో అడిగి కొత్త పది రూపాయల నోట్ల కట్ట ఒకటి తెచ్చి డిసెంబరు మొదటి వారంలోనే ఆమె పెట్టెలో ఉంచాను. నూరు నోట్లు, వెయ్యి రూపాయలు. నేనిచ్చిన వాటిలో ఆమె పూర్తిగా వాడుకున్న కానుక అదొక్కటే. వయసు మీద పడ్డ మనిషికి మనం ఎన్ని తెచ్చి ఇచ్చినా పుచ్చుకునే చేయిగానే మిగిలిపోతుంది. తిరిగి ఇచ్చే చేయిగా మార్చగలిగితే, అది కదా కానుక!

తెలుగు మాస్టారు, గుణుపురం

కోడలుగారి మాట నా మనసుకు నచ్చింది. దానికి ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మన ఊళ్లకే చెందిన మరొక లోటును జతచేస్తాను. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణం ఇటు వచ్చింది, ఆ జమీందారీ ఎస్టేటులో కొంత భాగం మద్రాసు వైపు ఉండిపోయింది. ఇంట్లో తెలుగు మాట నిలిచినా, తరాలు గడిచేకొద్దీ బడిలో తెలుగు అక్షరం తగ్గిపోయింది. ఈనాడు చాలా ఇళ్లలో నాయనమ్మకు తెలుగు తప్ప మరో లిపి రాదు, మనవడికి ఒడియా, ఇంగ్లీషు తప్ప తెలుగు లిపి రాదు. ఆమె కళ్లు మసకబారినప్పుడు ఆమె గ్రంథాన్ని ఆమెకు చదివి వినిపించగలిగినవారు ఇంట్లో ఒక్కరూ ఉండరు.

పెద్ద అక్షరాల బైబిలు మంచి కానుకే గాని, కొనేముందు కంటి డాక్టరుకు చూపించండి. శుక్లం ముదిరి ఉంటే అక్షరం ఎంత పెద్దదైనా మసకగానే కనిపిస్తుంది. ఆపరేషను చేయిస్తే పాత బైబిలే చదువుకోగలదు. పడక పక్కన మంచి వెలుతురు దీపం పెట్టినా చాలా తేడా ఉంటుంది. నా సలహా మాత్రం వేరు. క్రిస్మస్‌కు ఇంకా మూడు వారాలు ఉన్నాయి. ఒక మనవడినో మనవరాలినో కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు నేర్పించి, 23వ కీర్తన ఒక్కటి తప్పుల్లేకుండా చదివేలా తయారు చేయండి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టిన పురుషోత్తమ చౌధరి గారి క్రైస్తవ కీర్తనలు ఆ తరం ఆడవాళ్లకు కంఠతా ఉంటాయి. ఆ కీర్తనల పుస్తకంలో నుంచి పిల్లవాడు ఒక చరణం అందిస్తే తరువాతి చరణం ఆమే అందుకుంటుంది.

నడవగలిగే స్థితిలో ఉంటే ఆంధ్రలోని నౌపడ దాకా రైలు ప్రయాణం కూడా ఆలోచించండి. 1900లో వేసిన చిన్న రైలు పట్టాల స్థానంలో ఇప్పుడు పెద్ద లైను ఉంది. చిన్న రైలులో తిరిగినవారికి ఆ దారిలో ప్రతి స్టేషనూ ఒక జ్ఞాపకమే.

ప్రాణహిత గట్టు, సిరొంచ

మహారాష్ట్రలోని మా వైపు సంగతి ఒకటి చెబుతాను. పిల్లలు ఒకరు నాగపూరులో, ఒకరు హైదరాబాదులో ఉంటున్నప్పుడు అక్షరాలు నేర్పించేందుకు మనవలు దగ్గర ఎక్కడున్నారు? మా అమ్మకు పెద్ద బటన్లున్న మామూలు ఫోను ఇచ్చి, ఒకటి నొక్కితే అన్నకు, రెండు నొక్కితే నాకు వెళ్లేలా పెట్టాము. ముందు ఇచ్చిన, తెరను తాకి వాడే ఫోను ఆమెను భయపెట్టింది, ఇది భయపెట్టలేదు. దూరంగా ఉన్నవారికి ఇంతకంటే మంచి కానుక నాకు తోచదు.

పదవీ విరమణ చేసినవాడిని, రాయగడ

నాకు 76 ఏళ్లు. ఇంతసేపూ మా గురించి మీరందరూ మాట్లాడుకోవడం చదివాను. మమ్మల్నే అడగాలని ఒక్కరికీ తోచకపోవడం నన్ను బాధించింది.

అడుగుతామని మీరంటారు. "నాన్నగారూ, పండుగకు మీకేం కావాలి?" అని మా అబ్బాయి ప్రతి ఏడూ ఫోనులో అడుగుతాడు. "నాకేం వద్దు నాయనా, మీరు వస్తే చాలు" అని నేను ప్రతి ఏడూ అంటాను. ఆ ప్రశ్నకు ఈ వయసువాళ్లెవరైనా చెప్పే జవాబు అదొక్కటే, ఎందుకంటే అడగడమంటే పిల్లల మీద బరువు వేయడమని మేము అనుకుంటాము. అడిగే తీరు మార్చండి. "నిరుడు చేయగలిగి ఈ ఏడు చేయలేకపోతున్నది ఏమిటి?" అని అడిగితే మేము జవాబు చెప్పగలము. నన్ను అలా అడిగి ఉంటే, షర్టు మీద గుండీ కనిపించక కిందిది పైకి పెట్టుకుంటున్నానని చెప్పేవాడిని.

అడగకుండా ఇస్తే ఏమవుతుందో కూడా చెబుతాను. రెండేళ్ల క్రితం చలికి పనికివస్తుందని వేడినీళ్ల రబ్బరు సంచి కానుకగా వచ్చింది. నాకు చాలాకాలంగా చక్కెర వ్యాధి ఉంది, పాదాలకు స్పర్శ తగ్గింది. సంచి ఎంత వేడిగా ఉందో కాలికి తెలియలేదు. పొద్దున్న లేచి చూస్తే మడమ మీద రూపాయి బిళ్లంత బొబ్బ. అది మానడానికి రెండు నెలలు పట్టింది. ప్రేమగా ఇచ్చినదే, నేనెవరినీ తప్పుపట్టను. ఒక మంచి ఉన్ని మేజోళ్ల జత సరిపోయేది.

ఆసుపత్రి నర్సు, జయపురం

పెద్దలు చెప్పిన వేడినీళ్ల సంచి విషయం ప్రతి ఇంట్లోనూ తెలియాలి. చక్కెర వ్యాధి ఉన్నవారి పాదాల దగ్గర వేడి వస్తువు ఏదీ పెట్టకూడదు. ఖర్జూరమూ ఎండుద్రాక్షా నిండిన కేకులు తెచ్చిపెట్టి, పండుగ కదా, ఒక ముక్కకు ఏమవుతుందని బలవంతం చేసేవారు కూడా ఇది ఆలోచించాలి.

నా మాటను కొంత సవరించుకుంటున్నాను. కమోడ్ కుర్చీని అందరి ముందూ విప్పించమని నేను ఇక అనను. కాని ఆ గదిలో గోడకు పట్టుకునే కడ్డీలు మాత్రం క్రిస్మస్ దాకా ఆగకుండా ఈ వారంలోనే బిగించండి. గోడకు రంధ్రం చేసి బోల్టులతో బిగించే రకమే తెచ్చుకోండి. నొక్కితే గోడకు అంటుకునే రబ్బరు రకం మనిషి బరువు పడగానే ఊడివస్తుంది, తువ్వాలు వేసే కడ్డీ కూడా ఆ బరువుకు ఆగదు.

మహేంద్రతనయ ఒడ్డు, పర్లాకిమిడి

అందరికీ కృతజ్ఞతలు. వారం రోజుల్లో జరిగినది చెప్పవలసిన బాధ్యత నాకుంది.

అన్నయ్య మొన్న శనివారం మేస్త్రీని పిలిచి స్నానాల గదిలో రెండు కడ్డీలు బిగించాడు. దానికి పొట్లమూ లేదు, వేడుకా లేదు. నాయనమ్మ వచ్చి పట్టుకుని గట్టిగా లాగి చూసి, "ఇది ఎప్పుడో పెట్టించవలసింది" అంది. అవసరమైన వస్తువును ఆమె కాదనలేదని అన్నయ్య నాకు గుర్తుచేశాడు, అది న్యాయమే.

తరువాత, రాయగడ పెద్దలు చెప్పిన ప్రశ్నను అలాగే అడిగాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, కేరల్స్ వచ్చినప్పుడు గేటు దగ్గర నిలబడలేకపోతున్నానని చెప్పింది. పాట మూడు చరణాలు పూర్తయ్యేదాకా కాళ్లు ఆగవట. మధ్యలో లోపలికి వెళ్లిపోతే పిల్లలు చిన్నబుచ్చుకుంటారని నిరుడు అసలు బయటికే రాలేదట. కర్ర సంగతీ అడిగాను. "కర్ర మంచిదేనమ్మా, అంతమంది ముందు విప్పమన్నారు" అని ఊరుకుంది.

అందుకని ఈసారి అన్నయ్యా నేనూ కలిసి చేతులున్న చెక్క కుర్చీ ఒకటి కొన్నాము. కూర్చుంటే పాదాలు నేలకు ఆనేటంత ఎత్తు, లేచేటప్పుడు పట్టుకోవడానికి గట్టి చేతులు. దాన్ని వరండాలో, నక్షత్రం కట్టిన స్తంభం పక్కన వేశాము. పైన కప్పుకోవడానికి ఒక శాలువా, ఒళ్లో పెట్టుకోవడానికి పది రూపాయల నోట్ల కట్ట ఇచ్చాము. పెదనాన్నగారి చిన్న మనవరాలు ఒడియా బడిలో ఐదో తరగతి చదువుతోంది. 23వ కీర్తనలో మొదటి రెండు వచనాలు ఇప్పటికి కూడబలుక్కుని చదువుతోంది, "పచ్చిక" దగ్గర ఇంకా ఆగుతోంది. నాయనమ్మకు ఆ విషయం తెలియనివ్వలేదు.

కేరల్స్ పిల్లలు 23వ తేదీ రాత్రి వస్తారు. నిరుడు ఎంతమంది వచ్చారని నన్ను రెండుసార్లు అడిగి, నోట్లు చాలకపోతే బాగుండదని నిన్న రాత్రి ఆ కట్టను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టించింది.